పారబోసిన పాలు



మా నాయనమ్మ పాలు పారబోయడం నేను ఒక్కసారే చూశాను. 1990 డిసెంబరు. హైదరాబాద్ పాతబస్తీలో, గౌలిపురా నుంచి సుల్తాన్‌షాహీ వైపు పోయే ఒక గల్లీలో మా ఇల్లు. నాకు పన్నెండేళ్లు. హిందూ ముస్లిం అల్లర్లతో ఊరంతా కర్ఫ్యూ. బడి లేదన్న సంతోషం రెండు రోజులకే ఆవిరైపోయింది. మూడో రోజుకు ఇంట్లో కూరగాయలు అయిపోయి పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం మీదికి వచ్చాం. వెనక గల్లీలో నాలుగు బర్రెలున్న పాలాయన ఒకాయన తెల్లవారకముందే గోడల నీడన నడిచొచ్చి, చప్పుడు కాకుండా తలుపు మీద గోటితో గీరి, పాలు పోసి పోయేవాడు. ఆ పొద్దున ఆయన అలా పోయాడో లేదో, పక్కింటావిడ కిటికీ దగ్గరికొచ్చి గుసగుసగా ఒక మాట చెప్పింది. "పాలల్ల విషం కల్పిన్రట."

అప్పటికి పాలు పొంగు మీదున్నాయి. మా చిన్నతమ్ముడు గ్లాసు పట్టుకుని పొయ్యి ముందే కూర్చున్నాడు. నాయనమ్మ ఎవర్నీ ఏమీ అడగలేదు. కొంగుతో గిన్నె పట్టుకుని పెరట్లోకి నడిచి మోరీలో గుమ్మరించింది. చలికాలపు బండమీద వేడిపాలు పడి గుప్పున ఆవిరి లేచింది. మీగడ తునక ఒకటి జాలీకి అంటుకుని ఊగుతూ ఉండిపోయింది. చుక్క పాలు ఒలికితే వేలితో అద్ది కళ్లకద్దుకునే మనిషి ఆమె. ఆ రోజు చెంబెడు నీళ్లు పోసి మీగడను కూడా కడిగేసింది. తమ్ముడు ఏడుస్తుంటే చక్కెర కలిపిన నీళ్లు ఇచ్చింది. చేతులు మాత్రం సాయంత్రం దాకా వణుకుతూనే ఉన్నాయి.

పాలల్లో విషం లేదు. ఉంటే ఆ పాలాయన పిల్లలే ముందు పోయేవాళ్లు. ఈ లెక్క పన్నెండేళ్ల నాకే తట్టింది, యాభై ఆరేళ్ల నాయనమ్మకు ఎందుకు తట్టలేదో అర్థం కాలేదు. దానికి జవాబు కొంత ఒక పుస్తకంలో దొరికింది, మిగతాది మా గల్లీలోనే, చాలా ఆలస్యంగా.

ఆ పుస్తకం పేరు 'ది కలర్స్ ఆఫ్ వయొలెన్స్'. రాసినాయన సుధీర్ కకర్. 1996లో షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం దాన్ని అచ్చువేసింది. నేను చదివే నాటికి నాకు పెళ్లై, పంతులమ్మ ఉద్యోగం వచ్చి, పాతబస్తీ వదిలి మలక్‌పేటకు మారాను. ఒక స్నేహితురాలు "మీ ఊరి గురించే ఉంది" అని చేతిలో పెట్టింది. తెరవగానే చార్మినారో ఫలక్‌నుమానో కనిపిస్తుందనుకున్నాను. నాకు ముందుగా తగిలింది ఇప్పటి హర్యానాలోని రోహతక్, 1947. రచయితకు అప్పుడు తొమ్మిదేళ్లు. తండ్రి ఆ ఊళ్లో మేజిస్ట్రేటు. దేశం రెండుగా చీలి, పశ్చిమ పంజాబు నుంచి చుట్టాలందరూ కట్టుబట్టలతో వాళ్లింటికి చేరారు. రాత్రిళ్లు పెద్దవాళ్లు చెప్పుకునే కథలు ఆ పిల్లాడి చెవిలో పడుతున్నాయి. వాటిలో ఒకటి: పాలవాళ్లకు డబ్బులిచ్చి పాలల్లో విషం కలిపించారట.

నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. రోహతక్ ఎక్కడ, గౌలిపురా ఎక్కడ. నలభై మూడేళ్ల తేడా. మా మోరీలో పోయిన పాలు అక్కడ కూడా పోయాయి.

ఈ సుధీర్ కకర్ గురించి ఈ పూట మీతో నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. ఆయన మనోవిశ్లేషకుడిగా పనిచేశారు, అదీ మనసుకు వైద్యమే. మందుబిళ్లలు రాసిచ్చే రకం కాదు, మాటలు వినే రకం. ఆ వృత్తిలోకి వచ్చిన దారి మాత్రం చాలా వంకర. 1938లో నైనిటాల్‌లో పుట్టారు. అహ్మదాబాద్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. ఆ తర్వాత జర్మనీలోని మాన్‌హైమ్‌లో వ్యాపార ఆర్థికశాస్త్రం, వియన్నాలో ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్. మన ఇళ్లల్లో అయితే ఈపాటికి "ఇక చాలు, పెళ్లి చేసుకో" అనేవాళ్లు. ఈ చదువుల మధ్యలోనే, 1964లో, అహ్మదాబాద్‌లో ఆయనకు ఎరిక్ ఎరిక్సన్ తారసపడ్డారు. గాంధీ మీద పుస్తకం రాయడానికి అమెరికా నుంచి వచ్చిన మనోవిశ్లేషకుడు ఎరిక్సన్. ఆయనకు కళాశాల పట్టా లేదు. కుర్రతనంలో బొమ్మలు వేసుకుంటూ ఐరోపా తిరిగిన మనిషి. కకర్‌కు ఆయనలో గురువు కనిపించాడు. తర్వాత హార్వర్డ్‌లో ఆయన దగ్గర బోధనలో సాయంగా చేరారు. చివరికి 1970ల మొదట్లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని సిగ్మండ్ ఫ్రాయిడ్ సంస్థలో మనోవిశ్లేషణ నేర్చుకుని, 1975లో ఢిల్లీలో వైద్యం మొదలుపెట్టారు.

ఫ్రాంక్‌ఫర్ట్ సంగతి దగ్గర కాస్త ఆగుతాను. ఆ చదువులో ఒక నియమం ఉంది, నాకు చాలా ఇష్టం. మనోవిశ్లేషకుడు కావాలంటే ముందు తాను రోగి కావాలి. ఏళ్ల తరబడి ఇంకో విశ్లేషకుడి ముందు సోఫా మీద పడుకుని, తన భయాలు, తన సిగ్గులు, తన పగలు అన్నీ బయటపెట్టాలి. గుండె కోసే డాక్టరు ముందు తన గుండె కోయించుకోవాలని ఎవరూ అడగరు. ఇక్కడ అడుగుతారు. కకర్ కూడా పడుకున్నారు. వెనక కుర్చీలో జర్మన్ విశ్లేషకుడు మౌనంగా కూర్చునేవాడు. గంటకు పది నిమిషాలు తక్కువ. టైము కాగానే లేవాలి. ఆ గదిలో తనకు ఎందుకో ఏదో వెలితిగా ఉండేదని కకర్ తర్వాత రాసుకున్నారు. కారణం ఆయనకు మెల్లగా తెలిసింది. తాను ఆ జర్మన్ పెద్దాయన్ని తెలియకుండానే గురువు పీట మీద కూర్చోబెట్టేశారు. గురువంటే కేవలం వినేవాడు కాదు కదా, మన తల మీద చెయ్యి వేసేవాడు. శిష్యుడి ఇంటి కష్టం తన కష్టమనుకునేవాడు. ఆ మౌనంలో ఆ చెయ్యి దొరకలేదు. అది విశ్లేషకుడి తప్పు కాదు, ఆ పద్ధతి అంతే.

దీన్ని ఆయన ఫిర్యాదుగా వదిలేయలేదు. ఢిల్లీలో కుర్చీ మారి, తాను వెనక కూర్చునే మనిషి అయ్యాక, తన ముందుకొచ్చే మనవాళ్లకు ఏం కావాలో తెలుసుకోవడానికి అదే పనికొచ్చింది. మన దగ్గర మనసు బాగాలేని మనిషి ఒంటరిగా రాడు. వెంట అమ్మ వస్తుంది, ఆడపడుచు వస్తుంది, చనిపోయిన తాత కూడా వస్తాడు. ఆయన దర్గాలకు, బాలాజీ గుడికి, వైద్యుల ఇళ్లకు తిరిగి వాళ్ల దగ్గర మనుషులు ఎలా నయమవుతున్నారో చూసి 1982లో 'షామన్స్, మిస్టిక్స్ అండ్ డాక్టర్స్' అని ఇంకో పుస్తకం రాశారు. అందులో వెటకారం లేదు. ఫ్రాయిడ్ చదువుకుని వచ్చి తాయెత్తు కట్టే పీరుసాబు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చోవడం చిన్న విషయం కాదు. మన చదువుకున్నవాళ్లలో చాలామందికి అది ఇప్పటికీ చేతకాదు. నాతో సహా.

ఇక మన ఊరు. 1990 చివర్లో అయోధ్య వ్యవహారం దేశమంతటినీ వేడెక్కించింది. డిసెంబరులో హైదరాబాద్‌లో కత్తిపోట్లు మొదలయ్యాయి. వందల ప్రాణాలు పోయాయి. ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి గద్దె దిగారు. ఈ సంగతులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. అల్లర్లు సద్దుమణిగాక కకర్ పాతబస్తీకి వచ్చారు. జహానుమాలోని శక్కర్‌గంజ్‌లో పార్ధీల వాడకు వెళ్లారు. ఒకప్పుడు పిట్టల్ని వేటాడి బతికిన కులం వాళ్లది, అప్పటికి పండ్లు, కూరగాయలు అమ్ముకునేవాళ్లు. అటు కార్వాన్‌లో పేద ముస్లిం కుటుంబాలతో కూర్చున్నారు. తాలీంఖానాల్లో కుస్తీ నేర్చి, గొడవల్లో ముందు నిలబడ్డ పహిల్వాన్లతో కూడా కూర్చున్నారు, ఇటువాళ్లతో, అటువాళ్లతో. రాక్షసుల్లా ఉంటారనుకుని పోతే మర్యాదగా టీ తాగించే, దేవుడంటే భయమున్న మనుషులు ఎదురయ్యారు. ఆ సంగతి ఆయన దాచలేదు.

నాకు బాగా గుర్తుండిపోయింది పిల్లల భాగం. చిన్నచిన్న బొమ్మలు, ఇళ్లు, జంతువులు పిల్లల ముందు పోసి, సినిమాలో ఉండేలాంటి ఒక ఉత్కంఠభరితమైన దృశ్యం కట్టి చూపించమన్నారు. ఇది ఎరిక్సన్ దగ్గర నేర్చిన పద్ధతి. పిల్లలు ఏం కట్టారో ఊహించగలరు. బొమ్మలు ఇటూ అటూ చీలాయి.  మా తమ్ముడికి ఆ బొమ్మలిచ్చి ఉంటే ఏం కట్టేవాడా అనిపించింది. వాడైతే ఒక మోరీ కట్టేవాడేమో.

ఇంకో ముక్క కూడా చెప్పాలి. రెండు వైపుల పెద్దవాళ్లనూ ఆయన ఇలా అడిగారు: మామూలు రోజుల్లో ఏది తప్పు, గొడవల రోజుల్లో ఏది తప్పు? దోచుకోవడం, ఇల్లు కాల్చడం, మగవాణ్ణి చంపడం గురించి గొడవల రోజుల్లో మనసులు మెత్తబడ్డాయి. "అప్పుడు అంతే" అన్న సర్దుబాటు వచ్చింది. ఆడమనిషిని చంపడం, చెరచడం మాత్రం ఏ రోజుల్లోనైనా తప్పేనన్నది ఇరువైపులా నిలిచింది. ఆ మాట ప్రతిసారీ చేతల్లో నిలబడిందని నేననడం లేదు. కానీ చేతిలో పుస్తకం పట్టుకుని నేను ఊపిరి పీల్చుకున్నది ఆ పేజీ దగ్గరే.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. కకర్ పాతబస్తీకి వైద్యం చేయడానికి రాలేదు. అర్థం చేసుకోవడానికి వచ్చారు, రాసుకుని వెళ్లారు. అయినా ఆయన చేసిన మొదటి పని వైద్యుడి పనే అనిపిస్తుంది నాకు. మా ఊరి భయాన్ని విప్పే ముందు తన భయాన్ని విప్పి మా ముందు పెట్టారు. రోహతక్ మేజిస్ట్రేటు కొడుకుగా తాను ఏ కథలు తాగి పెరిగారో, ఆ కథల్లో రాక్షసులు ఎవరో, పెద్దయ్యాక కూడా అవి ఎక్కడ తగులుకుంటాయో చెప్పి, అప్పుడు జహానుమా గల్లీలోకి అడుగుపెట్టారు. ఫ్రాంక్‌ఫర్ట్ సోఫా మీద నేర్చింది ఇదే కాబోలు. తన గాయం తెలియనివాడు ఎదుటివాడి గాయం ముట్టుకుంటే గోరు గుచ్చుకుంటుంది.

ఆయనతో నాకు పేచీ లేకపోలేదు. పాలల్లో విషం అన్న పుకారును ఆయన పసితనం దాకా తీసుకెళ్తారు. బిడ్డకు లోకం మీద కలిగే మొట్టమొదటి నమ్మకం తల్లిపాలు. ఆ నమ్మకం కదిలితే అన్నీ కదులుతాయి, అందుకే ఈ పుకారుకు అంత బలం అంటారు. బాగుంది. కానీ మా నాయనమ్మ చేతులు వణికింది తన పసితనం వల్ల కాదు. అది 1948 వల్ల. ఆ సంగతి చెప్పడానికి ముందు ఇంకో మాట.

మనసు బాగాలేదనడానికి మన దగ్గర ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? రంది పెట్టుకుంది. మనాదితో మంచం పట్టింది. బుగులు పుట్టింది. పానం కొట్టుకుంటున్నది. మా ఎదురింటివాళ్ల దక్కనీలో అయితే 'దిల్ ఘబ్రారా'. ఒక్క మాటలో కూడా పిచ్చి లేదు. కొన్నిటిలో గుండె ఉంది, ప్రాణం ఉంది. డిప్రెషన్ అన్న మాట నోట రాని మనిషి "మనాది" అంటే, ఎవరి గురించి, ఎప్పటి నుంచి అని అడగాలనిపిస్తుంది. మనాది ఊరికే రాదు, ఒక మనిషి మీద వస్తుంది, ఒక నష్టం మీద వస్తుంది. చికిత్స సగం ఆ మాటలోనే ఉంది. ఇంకోవైపు ఇదే ఊళ్లో "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలె" అనే వెక్కిరింత ఉంది. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం పేరు తిట్టుగా మారి ఎన్ని తరాలయిందో! ఆ ఒక్క తిట్టు ఎంతమందిని గుమ్మం దాటకుండా ఆపిందో ఎవరు లెక్క కట్టగలరు? బెంగళూరు నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో మన దేశపు వయోజనుల్లో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక బాధతో ఉన్నారని తేలింది. వాళ్లలో ఎక్కువమందికి చికిత్సే అందడం లేదని కూడా తేలింది. ఇప్పుడు 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు మాట్లాడతారు, తెలుగులో కూడా. నంబరు మళ్లీ చెబుతున్నాను, ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు.

పాతబస్తీకి మనసుకు చేసే వైద్యం కొత్తదేమీ కాదు. చార్మినార్ కట్టిన నాలుగేళ్లకు, 1595లో, ముహమ్మద్ కులీ కుతుబ్‌షా దారుల్‌షిఫా కట్టించాడు. నాలుగు వందల మంది రోగులకు చోటున్న రెండంతస్తుల ఆసుపత్రి, దాంతో పాటు వైద్య పాఠశాల. సాలార్‌జంగ్ మ్యూజియం నుంచి పురానీ హవేలీ వైపు నడిస్తే ఇప్పటికీ ఆ కమాన్లు కనిపిస్తాయి, పెచ్చులూడిపోయి. అక్కడ నేర్పింది యునానీ. ఆ యునానీ పెద్ద ఇబ్న్ సీనా గురించి పన్నెండో శతాబ్దపు పారశీక రచయిత నిజామీ అరూజీ ఒక కథ చెప్పాడు. గుర్గాన్ అనే ఊళ్లో ఒక యువకుడు మంచాన పడ్డాడు. జబ్బేదో ఎవరికీ అంతుపట్టలేదు. ఇబ్న్ సీనా వచ్చి, అతని మణికట్టు పట్టుకుని, ఆ ఊరి సంగతి తెలిసిన మనిషిని పిలిచి పేటల పేర్లు చదవమన్నాడు. ఒక పేట పేరు దగ్గర నాడి ఎగిరింది. ఆ పేటలోని వీధుల పేర్లు చదివించాడు. ఒక వీధి దగ్గర మళ్లీ ఎగిరింది. తర్వాత ఆ వీధిలోని ఇళ్లు, ఆ ఇంట్లోని మనుషులు. చివరి పేరు దగ్గరికొచ్చేసరికి జబ్బు తెలిసిపోయింది. పిల్లాడు ప్రేమలో ఉన్నాడు.

కథ ఎంత నిజమో గానీ ఈ పద్ధతిని ఇబ్న్ సీనా తన 'కానూన్'లోనే రాసుకున్నాడు. వెయ్యేళ్ల కిందటి మాట. ఊరి పటం తీసుకుని మనిషి లోపలికి నడవడం! పాతబస్తీలో ఎవరి చెయ్యి పట్టుకుని పేటల పేర్లు చదివినా నాడి ఎక్కడో ఒకచోట ఎగురుతుంది. ప్రేమ వల్లే కానక్కరలేదు.

మూసీ అవతల, ఉస్మానియా విశ్వవిద్యాలయం దగ్గర, ఒకామె ఉండేది. అందరికీ 'అమ్మ'. ముస్లిం, సూఫీ గురువు భార్య. రోజుకు నలభై, యాభై మంది వచ్చేవారు, అన్ని మతాలవాళ్లూ. కొడుకు చదవడం లేదని, మొగుడు గల్ఫ్ నుంచి ఉత్తరం రాయలేదని, వ్యాపారం దెబ్బతిన్నదని, నిద్ర పట్టడం లేదని. ఆమె మనిషి పేరు, తల్లి పేరు అడిగి, అక్షరాలకు అంకెలు కట్టి, తావీదు రాసిచ్చేది. అమెరికా నుంచి జాయిస్ ఫ్లూకిగర్ అనే ఆచార్యురాలు ఏళ్ల తరబడి వచ్చి, ఆమె గదిలో చాపమీద కూర్చుని గమనించి, 2006లో పుస్తకం వేసింది. లోకంలో ఉన్నవి రెండే కులాలు, ఆడ, మగ అని ఆ అమ్మ అంటుండేదట. తావీదుల మీద నాకు నమ్మకం లేదు. కానీ ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ముందుకొచ్చిన ప్రతి మనిషినీ "మీ అమ్మ పేరేంటి?" అని అడిగే వైద్యం ఇంకెక్కడుంది?

ఇప్పుడు మా గల్లీ వైపు, సుల్తాన్‌షాహీలో, కవయిత్రి జమీలా నిషాత్ 2002లో మొదలుపెట్టిన షాహీన్ సంస్థ ఉంది. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లు, ముస్లింలూ దళితులూ, అక్కడికి వస్తారు. కుట్లు అల్లికలు నేర్చుకుంటూ, మెహందీ పెట్టుకుంటూ, ఏదో ఒక పని మధ్యలో మాట బయటికొస్తుంది. సోఫా లేదు, యాభై నిమిషాల లెక్క లేదు. చేతులు పనిలో ఉంటే నోరు తేలిగ్గా విప్పుకుంటుందన్నది మన ఆడవాళ్లందరికీ తెలిసిందే. కందిపప్పు ఏరుతూ చెప్పుకున్నన్ని మాటలు మనం ఇంకెక్కడ చెప్పుకున్నాం?

సరే, 1948.

మా నాయనమ్మది సూర్యాపేట దగ్గర పల్లె. నిజాం పక్షపు రజాకార్లు ఊరి మీద పడ్డ రోజుల్లో ఆమెకు పధ్నాలుగేళ్లు. ఆడపిల్లలందరినీ జొన్నచేలో దాచారట. రెండు రాత్రులు. జొన్నాకు ఒంటికి గీరుకుని దురద. గోకితే చప్పుడవుతుందని గోకడానికి లేదు. ఈ కథ మాకు ఎప్పుడూ చెప్పలేదు. మాకు తెలిసిందల్లా ఆమె జొన్నరొట్టె తింటుంది కానీ జొన్నచేను పక్కన బస్సు ఆగితే కిటికీ వేసేస్తుందని.

మా ఎదురింట్లో ఒక ముస్లిం ఆవిడ ఉండేది, మేం ఖాలా అని పిలిచేవాళ్లం. నాయనమ్మ ఈడుదే. బీదరు వైపు పల్లె నుంచి చిన్నప్పుడు హైదరాబాద్ వచ్చిన కుటుంబం. ఎందుకొచ్చారని మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్‌ను భారత్‌లో కలిపిన పోలీసు చర్య తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో ముస్లింల మీద జరిగింది చాలాకాలం ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. ప్రభుత్వమే పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం తిరిగొచ్చి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాస్తే, ఆ నివేదిక దశాబ్దాల పాటు బీరువాలోనే ఉండిపోయింది. అలా పట్నం చేరినవాళ్లలో ఖాలా వాళ్ల నాయిన ఉన్నాడు, అమ్మ ఉంది. అన్నలిద్దరూ లేరు.

ఆరడుగుల గల్లీకి ఇటొకరు, అటొకరు. ఉగాది పచ్చడి అటు పోయేది, షీర్‌ఖుర్మా ఇటు వచ్చేది. నలభై ఏళ్లు కూరల గిన్నెలు దాటిన ఆ గల్లీని 1948 ఒక్కసారి కూడా దాటలేదు. మొహర్రం వస్తే దబీర్‌పురా నుంచి బీబీకా ఆలం ఊరేగింపు వెళ్లేది. పదమూడు వందల ఏళ్ల కిందటి దుఃఖానికి వేల మంది గుండెలు బాదుకుని ఏడ్చే ఊరు మాది. మొన్నటి దుఃఖానికి మాత్రం మా గల్లీలో తావు లేకపోయింది.

నాయనమ్మ చివరి ఏడాది నేను సెలవులు పెట్టి గౌలిపురాలో ఉన్నాను. ఆమె మంచం దిగడం లేదు. డాక్టరు బీపీ, షుగరు చూసి అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. ఆమె మాత్రం రాత్రిళ్లు లేచి కూర్చునేది. నేను కకర్‌ను చదివిన తెలివితో ఒకరోజు ఆమె చెయ్యి పట్టుకుని "ఏం బుగులు నాయనమ్మా?" అన్నాను. "నీకేం తెల్సు, పో" అంది. నిజమే, మనవరాలికి చెప్పే మాటలు కావవి.

ఖాలా రోజూ మధ్యాహ్నం వచ్చేది. మోకాళ్లు పట్టేసి, గల్లీ దాటడానికే పది నిమిషాలు. వచ్చి మంచం అంచున కూర్చుని తస్బీహ్ తిప్పుకునేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. ఒకరోజు నేను వంటింట్లో ఉన్నాను. వీళ్లేదో అల్లర్ల సంగతి ఎత్తారు, పాలాయన చనిపోయాడన్న కబురు మీద. నాయనమ్మ నవ్వుతూ చెబుతోంది, ఆ రోజు గిన్నెడు పాలు మోరీల పోసినానని. ఖాలా వైపు నుంచి చప్పుడు లేదు. తర్వాత అంది, తెలుగులోనే, "మేం గూడ పోసినం అక్కా. గదే రోజు. గాయనే పోసిన పాలు."

మా పాలల్లో వాళ్లు కలిపారని ఇక్కడ. వాళ్ల పాలల్లో మావాళ్లు కలిపారని అక్కడ. పాలాయన ఒక్కడే. చెంబు కూడా ఒకటే.

ఇద్దరూ నవ్వారు. చాలాసేపు నవ్వారు, నాయనమ్మకు దగ్గు వచ్చేదాకా. ఆ తర్వాత గొంతులు తగ్గాయి. నేను గుమ్మం దగ్గరికి వచ్చాను కానీ లోపలికి పోలేదు. నాకు వినిపించినంత వరకు చెబుతాను. ముందు నాయనమ్మ గొంతు, జొన్నాకు అన్న మాట. తర్వాత ఖాలా గొంతు, ఒక బావి గురించి. మధ్యలో చాలాసేపు ఏమీ లేదు. కకర్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో భరించలేకపోయిన మౌనం గుర్తొచ్చింది నాకు. ఈ మౌనంలో ఖాలా చెయ్యి నాయనమ్మ పాదం మీద ఉంది, దుప్పటి మీంచి.

ఆ సాయంత్రం ఖాలా మనవడితో ఒక గ్లాసు పాలు పంపింది. పసుపు, మిరియాలు వేసి కాచినవి, దగ్గుకు. నాయనమ్మను నేనే లేపి కూర్చోబెట్టాను. ఆమె గ్లాసు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. పిల్లాడు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు, వాడికి ఇవేమీ తెలియవు.

"మీ దాదీకి చెప్పు, చక్కెర మర్చిపోయిందని" అంది నాయనమ్మ, సగం తాగాక.